గురి, తూకం, ఎరుక: సంకల్పవాచక పదాల అర్థభేదం, పులిచింతల ముంపు

ఒక పని చేసినవాడి మనఃస్థితిని చెప్పే ఆంగ్ల క్రియావిశేషణాలలో ‘ఇంటెన్షనల్లీ’, ‘డెలిబరేట్‌లీ’ చాలా దగ్గరి మాటలు. ఆంగ్ల-తెలుగు నిఘంటువులలో రెండింటి ఎదుటా ‘ఉద్దేశపూర్వకంగా’, ‘బుద్ధిపూర్వకంగా’, ‘కావాలని’ అన్న అర్థాలే అటూ ఇటూ మారుతూ కనిపిస్తాయి. అనువాదకుడికి దీనివల్ల మామూలుగా ఇబ్బంది లేదు. ఏ మాట వాడినా వాక్యం నడుస్తుంది. ఇబ్బంది ఒక్కచోట వస్తుంది: ఒక పని వల్ల మరొకరికి నష్టం కలిగి, ఆ నష్టం చేసినవాడికి ముందే తెలిసి, అయినా అది అతని లక్ష్యం కానప్పుడు. ఆ నష్టం ఉద్దేశపూర్వకమా, కాదా? కాదంటే దానికి పెట్టవలసిన పేరేమిటి? ఈ ప్రశ్న పదకోశానికి మాత్రమే సంబంధించినది కాదు. ‘మా ఉద్దేశం అది కాదు’ అన్న వాక్యం ఎంతవరకు బాధ్యతను తొలగించగలదన్న నైతిక ప్రశ్న దాని వెనుక ఉంది. కృష్ణాతీరంలో, హుజూర్‌నగర్ ప్రాంతపు ముంపు గ్రామాల విషయంలో ఈ వాక్యానికి ఉన్న బరువు ఎంతో పరిశీలించదగినది.

తెలుగులో ఈ చర్చ మొదలుపెట్టగానే ‘ఉద్దేశం’, ‘ఉద్దేశ్యం’ అన్న రూపాల తగవు అడ్డం వస్తుంది. అభిప్రాయం, సంకల్పం అనే అర్థంలో ‘ఉద్దేశం’ సాధువనీ, ‘ఉద్దేశ్యం’ అంటే ఉద్దేశింపదగినదనీ, దాన్ని సంకల్పార్థంలో వాడడం తప్పనీ భాషాపరిశుద్ధివాదులు చెబుతూనే ఉన్నారు. వ్యుత్పత్తి రీత్యా వారి మాట సరైనదే. వ్యాకరణంలో ఉద్దేశ్య-విధేయాలన్న జంట తెలిసినవారికి ఈ భేదం కొత్త కాదు. న్యాయశాస్త్రంలో ఉద్దేశ, లక్షణ, పరీక్షలని వాత్స్యాయనుడు చెప్పిన మూడింటిలో ఉద్దేశమంటే పదార్థాన్ని పేరుతో నిర్దేశించడమే. ఆ మాటకు సంకల్పార్థం కూడా తర్వాతి వాడుకలో బలపడినదే. అయితే సామాన్య వాడుకలో ‘ఉద్దేశ్యం’ అన్న రూపం ఇంతగా ఎందుకు పాతుకుపోయిందన్న ప్రశ్న పరిశుద్ధివాదులు వేసుకోలేదు. హిందీ ప్రభావమన్నది కొంత సమాధానం. ‘దేని కోసం’ అన్న అర్థానికీ ‘ఏ మనసుతో’ అన్న అర్థానికీ వేరు వేరు మాటలు కావాలన్న అవసరం కూడా ఆ వాడుక వెనుక ఉండవచ్చు. ‘ఈ సభ ఉద్దేశ్యం’ అన్నప్పుడు చెప్పేది లక్ష్యాన్ని. ‘వాడి ఉద్దేశం మంచిది కాదు’ అన్నప్పుడు చెప్పేది మనసును. ఈ విభజనను ఏ నిఘంటువూ శాసించలేదు, ఏ రచయితా నిలకడగా పాటించలేదు. రెండు రూపాలూ కలిసిపోయినచోట లక్ష్యమూ మనఃస్థితీ కూడా కలిసిపోతున్నాయి.

ఆంగ్లపదాల మూలాలు ఇక్కడ కొంత వెలుగునిస్తాయి. ‘ఇంటెండ్’ అన్న మాటకు మూలమైన లాటిన్ ధాతువుకు సాచడం, వంచడం అని అర్థం. వింటిని ఎక్కుపెట్టడానికి కూడా దాన్ని వాడేవారు. ‘డెలిబరేట్’ అన్న మాటను త్రాసును చెప్పే లాటిన్ పదంతో ముడిపెట్టడం పరిపాటి. మొదటిదానిలో ఉన్నది గురి. రెండవదానిలో ఉన్నది తూకం. గురిపెట్టినవాడు ఒకదాన్నే చూస్తాడు. తూచేవాడి ఎదుట రెండు తట్టలుంటాయి. ఒక తట్టలో తనకు కావలసినది, రెండవదానిలో దాని కోసం పోయేది.

ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ ఈ భేదాన్ని శ్రద్ధగా పట్టి చూపాడు. ఆయన 1960లో మరణించిన తర్వాత, 1966లో అచ్చయిన ‘త్రీ వేస్ ఆఫ్ స్పిల్లింగ్ ఇంక్’ అన్న వ్యాసంలోని ఒక ఉదాహరణ భారతదేశంలో జరిగినట్టు ఊహించినది కావడం తెలుగు పాఠకుడు తప్పక గమనించవలసిన విషయం. అల్లరిని అణచడానికి ఒక అధికారి హుటాహుటిన కారులో బయలుదేరుతాడు. వంటవాడి బిడ్డ ప్రాణంగా చూసుకునే బొమ్మబండి దారికి అడ్డంగా ఉంటుంది. దిగి పక్కకు జరపవచ్చునని అతనికి తెలుసు. ఆగడం ఇష్టం లేక దాని మీదుగానే పోనిస్తాడు. బండిని అతడు ‘డెలిబరేట్‌లీ’ తొక్కించాడు గాని ‘ఇంటెన్షనల్లీ’ తొక్కించాడని అనలేమని ఆస్టిన్ తీర్పు. బొమ్మను విరగగొట్టడం అతని సంకల్పంలో భాగం కాదు. అల్లరిని అణచడమే సంకల్పం, బొమ్మ విరగడం అందులో ఆనుషంగికం. పొరపాటున తొక్కించాడనడానికీ వీలు లేదు.

ఈ విశ్లేషణ సూక్ష్మమైనదనడంలో సందేహం లేదు. అయితే దాన్ని నడిపించిన దృష్టి కారులో కూర్చున్నవాడిది. ఏది సంకల్పం, ఏది ఆనుషంగికం అని నిర్ణయించినది అధికారి ప్రయాణపు గమ్యం. విరిగిన బండి పక్కన నిలబడిన పిల్లకు ఆ విభజన ఏ విధంగా కనిపిస్తుందో వ్యాసం అడగదు. అడగవలసిన అవసరం ఆస్టిన్‌కు లేకపోవచ్చు, ఆయన చూసేది పదాల హద్దులను. కాని అదే ఉదాహరణ నైతికచర్చలోకి వచ్చినప్పుడు ఆ పిల్ల లేకుండా చర్చ సాగదు. సంకల్పాన్ని బట్టి పనికి పేరుపెట్టే హక్కు చేసినవాడికే ఉంటే, ఎంతటి నష్టాన్నైనా ‘ఆనుషంగికం’ అన్న ఒక్క మాటలోకి నెట్టివేయవచ్చు.

తెలుగులో ఈ భేదం ఎక్కడ ఉందని వెతికితే నామవాచకాలలో దొరకదు. అనువాదకులు ‘ఉద్దేశం’, ‘సంకల్పం’, ‘ప్రయోజనం’, ‘హేతువు’ అంటూ సంస్కృత నామాలను వరసగా తిరగేయడం వల్లనే తెలుగుకు ఈ సూక్ష్మత లేదన్న అపోహ కలుగుతోంది. తెలుగు ఈ పనిని క్రియారూపాలకు అప్పగించింది. ఈ నాలుగు వాక్యాలను చూడవచ్చు: చంపడానికి కొట్టాడు, చంపాలని కొట్టాడు, చచ్చేటట్టు కొట్టాడు, చస్తాడని తెలిసి కొట్టాడు. కొట్టడం ఒకటే, చావు ఒకటే. మొదటి వాక్యంలో దెబ్బ చావుకు సాధనం. రెండవదానిలో ‘అని’ అన్న అనుకరణార్థకం కొట్టినవాడి మనసులోని మాటను వాక్యంలోకి తెచ్చింది. చంపాలి అని అతడు తనతో తాను అనుకున్నాడు. మూడవదానిలో మనసు గురించి మాటే లేదు. దెబ్బ తీరు, దాని తీవ్రత మాత్రమే ఉన్నాయి. ఏ మనసుతో కొట్టాడో తెలియకపోయినా ఈ వాక్యం చెప్పవచ్చు. నాలుగవదానిలో కోరిక ఉందో లేదో చెప్పలేదు, ఎరుక మాత్రం ఉంది. ఆంగ్లంలో వేరు వేరు నామాలు, విశేషణాలు మోసే బరువును ఇక్కడ ‘డానికి’, ‘ఆలని’, ‘ఏటట్టు’, ‘అని తెలిసి’ అన్న చిన్న చిన్న ప్రత్యయాలు, పదబంధాలు మోస్తున్నాయి.

నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల పలుకుబడిలో ఈ తేడాలు మరింత స్పష్టం. ‘కావాల్నని చేసిండు’ అన్నది ఒక ఆరోపణ. ‘ఎర్కుండే చేసిండు’ అన్నది మరొక ఆరోపణ. మొదటిదానికి ‘నేను కావాల్నని చెయ్యలే’ అన్నది చాలినంత జవాబు. రెండవదానికి ఆ జవాబు అతకదు. ‘నాకు ఎర్క లేదు’ అని తప్ప దానికి మరో జవాబు లేదు. ‘కావాలి’ అన్న మాటలోనే కోరిక ఉంది కనుక ‘కావాలని’ అన్నది గురిని మాత్రమే అడుగుతుంది. తూకాన్ని అడిగే మాట తెలుగులో ద్విరుక్తి రూపంలో ఉంది: ‘తెలిసి తెలిసి’, ‘చూస్తూ చూస్తూ’. ‘సూస్కుంట సూస్కుంట ముంచిండు’ అన్నప్పుడు ముంచడం అతని కోరిక అని ఎవరూ అనడం లేదు. కళ్ల ముందున్నదాన్ని చూశాడు, ఆగే వీలుంది, ఆగలేదు అన్నది అభియోగం. ఆస్టిన్ అధికారి బొమ్మబండిని తొక్కించిన తీరుకు తెలుగులో సరిగ్గా సరిపోయే మాట ఇదే. ‘ఉద్దేశపూర్వకంగా’ అన్న నాలుగు పదాలంత పొడవు గల సమాసం ఈ పని చేయలేదు.

ఉర్దూ న్యాయస్థానభాషగా ఉన్న కాలంలో, 1880ల నుంచి హైదరాబాదు సంస్థానం అంతమయ్యేవరకు, ఈ ప్రాంతపు తెలుగులోకి మరికొన్ని మాటలు చేరాయి. వాటిలో ‘మతలబు’, ‘నియ్యత్’ ముఖ్యమైనవి. ‘దాని మతలబేంది’ అన్న ప్రశ్న పైకి కనిపించే పని వెనుక దాగిన గురిని అడుగుతుంది. ‘నియ్యత్’ చరిత్ర ఆసక్తికరం. అరబీలో అది సంకల్పం. ఇస్లాం ధర్మశాస్త్రంలో ప్రార్థన, ఉపవాసం వంటివాటి చెల్లుబాటుకు ముందుండవలసిన మనోనిశ్చయం. తెలంగాణ తెలుగులో అది నిజాయితీగా, నమ్మకంగా మారింది. ‘నియ్యత్ గల్ల మనిషి’ అంటే మాట తప్పనివాడు. ఒక్కొక్క పనికి ముందుండే సంకల్పం మనిషి మొత్తానికి చెందిన గుణమైపోయింది. అర్థవిపరిణామంగా ఇది సహజమే. నైతికచర్చకు మాత్రం ఇందులో ఒక చిక్కు ఉంది. ‘ఇది తెలిసి చేశారా?’ అని పనిని గురించి అడిగినప్పుడు ‘మా నియ్యత్ మంచిదే’ అని మనిషిని గురించి జవాబు చెప్పడం సులువవుతుంది. ప్రశ్నకూ జవాబుకూ లంకె లేదన్న సంగతి వెంటనే తట్టదు.

న్యాయస్థానం ఈ లంకె తప్పకుండా చూడవలసిన చోటు. 1860 నాటి భారత శిక్షాస్మృతి నేరమయిన నరహత్యను నిర్వచించేటప్పుడు సంకల్పాన్నీ ఎరుకనూ వేరు వేరుగా పేర్కొంది. చంపాలన్న ఉద్దేశం, చావు కలిగించగల గాయం చేయాలన్న ఉద్దేశం, చావు సంభవించవచ్చునన్న ఎరుక – ఈ మూడింటిలో ఏది ఉన్నా 299వ సెక్షన్ వర్తిస్తుంది. 304వ సెక్షన్ రెండు భాగాలుగా చీలినది కూడా ఈ భేదం మీదనే: ఉద్దేశం ఉంటే ఎక్కువ శిక్ష, ఎరుక మాత్రమే ఉంటే తక్కువ. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ విభజనను 100, 101, 105 సెక్షన్లలో నిలుపుకుంది. ప్రేరణ మరొకటి. 1956లో బాస్‌దేవ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మూడింటినీ విడదీసి చెప్పింది: ప్రేరణ సంకల్పానికి పురికొల్పేది, ఎరుక పని ఫలితాన్ని గురించిన తెలివిడి. పెళ్లింట తాగిన మైకంలో ఒక మాజీ సైనికోద్యోగి, కూర్చునే చోటు దగ్గర పక్కకు జరగలేదని ఒక కుర్రవాడిని కాల్చి చంపిన కేసు అది. చెప్పుకోదగ్గ ప్రేరణ అందులో లేదు, అయినా సంకల్పం లేదనడానికి కోర్టు ఒప్పుకోలేదు.

కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న పల్నాటి సీమలోని రొంపిచర్ల గ్రామకక్షల నుంచి వచ్చిన కేసు ఈ విషయంలో మరింత బోధకం. 1976లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రాయవరపు పున్నయ్య కేసుగా అది న్యాయగ్రంథాలకెక్కింది. నిందితులు బరువైన కర్రలతో ఒక వ్యక్తి కాళ్ల మీద, చేతుల మీద కొట్టారు; తల మీద, గుండె మీద కాదు. అతడు మరునాడు మరణించాడు. ఆయువుపట్ల మీద కొట్టలేదు కనుక చంపాలన్న ఉద్దేశం లేదని, ఎరుక మాత్రమే ఉందని హైకోర్టు శిక్షను 304వ సెక్షన్ రెండవ భాగానికి తగ్గించింది. సుప్రీంకోర్టు దాన్ని తిరిగి హత్యగానే నిర్ణయించింది. న్యాయమూర్తి సర్కారియా రాసిన ఆ తీర్పులోని తర్కాన్ని తెలుగు క్రియారూపాలలో చెప్పడం తేలిక. ‘చంపాలని కొట్టారా’ అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. కొట్టిన దెబ్బలన్నీ కొట్టాలనే కొట్టారు. ఆ దెబ్బలు ప్రకృతి సహజంగా ‘చచ్చేటట్టు’ ఉన్నాయి. గాయం మీద గురి ఉంటే చాలు, చావు మీద గురి లేదన్న మాట నిలవదు. అంటే చేసినవాడు తన సంకల్పానికి గీసుకున్న గీతను కోర్టు యథాతథంగా అంగీకరించలేదు. పనికీ ఫలితానికీ మధ్య ఉన్న దూరం ఎంతో తానే కొలిచింది.

శిక్షాస్మృతిలో హత్యను నిర్వచించే సెక్షన్ చివరి భాగం మరొక మాట కూడా అంటుంది. ప్రాణాపాయం దాదాపు తప్పదని తెలిసి, ఆ అపాయానికి తెగించడానికి తగిన కారణమేదీ లేకుండా చేసిన పని హత్య అవుతుంది. కేవలం ఎరుక చాలదు, తగిన కారణం లేకపోవడం కూడా కావాలి. ఉద్దేశం గురించిన చర్చ ఇక్కడికి వచ్చేసరికి సమర్థన గురించిన చర్చగా మారుతుంది. తట్టలో రెండవవైపు ఏముంది?

పులిచింతల ప్రాజెక్టు ఆ రెండవ తట్టను చూపిస్తుంది. నాగార్జునసాగర్‌కు దిగువన, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ మీద కట్టిన ఈ జలాశయానికి కె.ఎల్. రావు పేరు పెట్టారు. 2013 డిసెంబరు 7న దీన్ని ప్రారంభించారు. సామర్థ్యం 45.77 టీఎంసీలు. సుమారు 13 లక్షల ఎకరాల కృష్ణా డెల్టా ఆయకట్టుకు ఖరీఫ్ నీటిని వేళకు అందించడం దీని లక్ష్యం. ఎడమ ఒడ్డున, అప్పటి నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ నియోజకవర్గంలోని మేళ్లచెర్వు పరిసరాలలో, నెమలిపురి, అడ్లూరు, చింత్రియాల వంటి గ్రామాలు పూర్తిగానో పాక్షికంగానో ముంపుకు గురయ్యాయి. కుడి ఒడ్డున గుంటూరు జిల్లా గ్రామాలు కూడా మునిగాయి. పునరావాస కాలనీలు వెలిశాయి. ఆరు నెలలు తిరగకముందే, 2014 జూన్ 2న, రాష్ట్రం రెండయింది. నీరందుకునే డెల్టా ఒక రాష్ట్రంలోనూ, ఎడమ ఒడ్డు ముంపు మరొక రాష్ట్రంలోనూ మిగిలాయి.

ఇక్కడ నాలుగు వాక్యాలను మళ్లీ పెట్టి చూడవచ్చు. ఊళ్లను ముంచడానికి ఆనకట్ట కట్టారా? కాదు. ఊళ్లు మునగాలని కట్టారా? కాదు, ఎవరి మనసులోనూ ఆ కోరిక ఉందనడానికి ఆధారం లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఊళ్లు మునిగేటట్టు కట్టారా? అవును. మునుగుతాయని తెలిసి కట్టారా? ముమ్మాటికీ అవును. పూర్తి నీటిమట్టం 53.34 మీటర్లు అని నిర్ణయించిన రోజున, ఆ ఎత్తుకు దిగువనున్న ప్రతి ఇల్లూ, ప్రతి చెలకా, ప్రతి వల్లకాడూ నిర్ణయమైపోయింది. సమోన్నత రేఖ అన్నది ఎరుకకు ఇంజనీరు గీసే రూపం. వరదను ఊహించలేదనవచ్చు, గేటు కొట్టుకుపోతుందని అనుకోలేదనవచ్చు. జలాశయపు ముంపును గురించి అటువంటి మాట అనడానికి వీలు లేదు. పథకం నివేదికలో ఆయకట్టు లెక్క ఎంత కచ్చితమో ముంపు లెక్కా అంతే కచ్చితం, రెండూ ఒకే లెక్కలోని రెండు భాగాలు.

కాబట్టి ఆస్టిన్ భాషలో చెప్పాలంటే పులిచింతల ముంపు ‘ఇంటెన్షనల్’ కాదు, ‘డెలిబరేట్’. గురి పెట్టి చేసినది కాదు, తూచి చేసినది. ఈ మాటతో ప్రాజెక్టు అన్యాయమని తేలిపోదు. తూచి చేసిన పనులలో న్యాయమైనవీ ఉంటాయి. పైగా ఇదే హుజూర్‌నగర్ ప్రాంతపు వరిపొలాలు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండుతున్నాయి. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలిన ఆ జలాశయం ఎగువన మరెన్నో ఊళ్లను, నాగార్జునకొండ లోయను ముంచి నిలిచినదే. ఒకరి ముంపు మీద మరొకరి పంట ఆధారపడటం ఈ తీరంలో కొత్త కాదు. ఒకచోట లబ్ధిదారుగా ఉన్న ప్రాంతమే మరొకచోట నిర్వాసిత ప్రాంతమైంది. కనుక ఈ చర్చలో ఎవరినీ దుష్టులుగా నిలబెట్టడం కుదరదు, అవసరమూ లేదు.

అవసరమైనది వేరు. ‘ముంచడం మా ఉద్దేశం కాదు’ అన్న వాక్యం నిజమే అయినా, అది ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు. ముంపుకు గురైన రైతు అడిగేది ‘కావాల్నని ముంచిన్రా’ అని కాదు. ‘ఎర్కుండే ముంచిన్రు గద’ అని. మొదటి ప్రశ్నకు ‘కాదు’ అన్న జవాబుతో పని అయిపోతే, ఆ తర్వాత ఇచ్చేది ఏదైనా దయ అవుతుంది, సానుభూతితో చేసిన సాయం అవుతుంది. రెండవ ప్రశ్నకు ‘అవును’ అన్న జవాబు నుంచి మొదలుపెడితే, ఇవ్వవలసినది అప్పు అవుతుంది. పరిహారానికీ సాయానికీ ఉన్న తేడా ఎంత డబ్బు అన్నదానిలో లేదు. ఇచ్చేవాడు ఏ వాక్యం చెప్పి ఇస్తున్నాడన్నదానిలో ఉంది. ‘అనుకోకుండా నష్టపోయారు’ అన్న వాక్యంతో ఇచ్చినది, ‘మీరు నష్టపోతారని తెలిసి చేశాం’ అన్న వాక్యంతో ఇచ్చినది ఒకటి కావు.

ఫలితం చెడ్డదైతే సంకల్పం ఉందనీ, మంచిదైతే లేదనీ జనం తీర్పు చెబుతారని అమెరికన్ తత్త్వవేత్త జాషువా నోబ్ 2003లో ఒక ప్రయోగం ద్వారా చూపాడు. లాభం కోసమే ఒక కార్యక్రమం ప్రారంభించి, పర్యావరణం ఏమైనా తనకు పట్టదన్న సంస్థాధ్యక్షుడి కథ అది. పర్యావరణం దెబ్బతిన్నదన్న కథ విన్నవారిలో 82 శాతం అతడు ‘ఇంటెన్షనల్లీ’ చెడగొట్టాడన్నారు. మెరుగుపడిందన్న కథ విన్నవారిలో 23 శాతమే అతడు ‘ఇంటెన్షనల్లీ’ మెరుగుపరిచాడన్నారు. దీని మీద పెద్ద సాహిత్యమే వచ్చింది. తెలుగులో ఈ ప్రశ్నను అడగబోతే మొదటి అడుగులోనే ఒక ఎంపిక తప్పదు: ‘కావాలని చెడగొట్టాడా’ అనాలా, ‘తెలిసి తెలిసి చెడగొట్టాడా’ అనాలా? ఆంగ్లంలో ఒక్క క్రియావిశేషణం మీద పడిన ఒత్తిడి ఇక్కడ రెండు పదబంధాలకు పంచబడుతుంది. నోబ్ చూపిన వింతలో కొంత భాగం జనం నీతిబుద్ధిది కాక ఆంగ్లపదం ఇరుకుది కావచ్చునన్న అనుమానం తెలుగు వైపు నుంచి కలగడం సహజం.

ఎరుకను సంకల్పంలో కలిపివేయకుండా, అలాగని వదిలివేయకుండా పక్కనే నిలిపిన పాతనిబంధన ఒకటి ఈ నదీతీరానికి పరాయిది కాదు. కర్మ అంటే చేతనే అన్న బౌద్ధసిద్ధాంతం అందరికీ తెలిసినదే; సంకల్పం లేనిచోట బౌద్ధం దోషం అంటగట్టదని సాధారణంగా చెబుతారు. థేరవాద ప్రాతిమోక్షంలో భిక్షువుల పాచిత్తియ దోషాలలో 61వది ప్రాణిని సంకల్పించి చంపడం. దాని వెంటనే వచ్చే 62వది, ప్రాణులున్నాయని తెలిసి ఆ నీటిని వాడుకోవడం. మొదటి నియమంలోని పాలీ పదం సంకల్పాన్ని చెబుతుంది, రెండవదానిలోని పదం ఎరుకను మాత్రమే చెబుతుంది. దాహం తీర్చుకోవాలన్న భిక్షువుకు పురుగుల మీద పగ లేదు, గురీ లేదు. అయినా తెలిసి తాగితే దోషమే. అందుకే నీరు వడబోసుకునే గుడ్డ భిక్షువు వెంట ఉండవలసిన వస్తువులలో ఒకటయింది. సింహళ విహారంతో సహా అనేక శాఖల విహారాలు వెలసిన నాగార్జునకొండ లోయలో ఈ సూక్ష్మత పాఠంగా నడిచి ఉంటుందనడం అతిశయోక్తి కాదు. నీటిని గురించిన ఆ నియమాన్ని పఠించిన విహారాల అసలు స్థలాలు ఇప్పుడు సాగర్ నీటి కింద ఉన్నాయి.

ఆ నియమంలో మరొక విశేషం ఉంది. తెలియకుండా తాగినవాడికి దోషం లేదు కాని, వడబోయడం అన్న పని ముందుగా ఉంది. అంటే తెలుసుకునే బాధ్యత తాగే బాధ్యతకు ముందు వస్తుంది. ఎరుక కేవలం మనసులో తటస్థంగా ఉండిపోయే స్థితి కాదు, చేయవలసిన పని.

భూసేకరణ చట్టాల భాషలో ఈ పనికి చాలాకాలం చోటు లేదు. 1894 నాటి చట్టం కింద ప్రకటన వెలువడాలంటే ‘పబ్లిక్ పర్పస్’ ఉంటే చాలు. తెలుగు ప్రకటనలలో అది ‘ప్రజాప్రయోజనం’ అయింది. అనువాదం తప్పు కాదు. గౌతముడి న్యాయసూత్రాలలోని పదహారు పదార్థాలలో నాలుగవదైన ప్రయోజనానికి, దేన్ని కోరి మనిషి పనికి పూనుకుంటాడో అది అని నిర్వచనం. కాని నేటి తెలుగులో ప్రయోజనమంటే లాభం, ఉపయోగం. ‘పర్పస్’ అన్న మాట ఇంకా సాధించవలసిన గురిని చెబితే, ‘ప్రయోజనం’ అన్న మాట అప్పుడే చేతికందిన మేలును చెబుతుంది. ‘ప్రజాప్రయోజనార్థం’ భూమి కావాలన్న ప్రకటనను చదివిన రైతుకు ఆ వాక్యంలో తూకం కనిపించదు. మేలు మాత్రమే ఉంటుంది, దాన్ని కాదనేవాడు ప్రజలకు మేలు వద్దన్నవాడవుతాడు. ‘మునుగుతాయని తెలిసి’ అన్న అసమాపక క్రియకు ఆ వాక్యంలో స్థానమే లేదు.

పులిచింతల ప్రారంభమైన నెల రోజులకు, 2014 జనవరి 1న, 2013 నాటి కొత్త భూసేకరణ చట్టం అమలులోకి వచ్చింది. భూమి తీసుకోకముందే సామాజిక ప్రభావ అధ్యయనం జరగాలనీ, దాని నివేదిక స్థానిక భాషలో గ్రామ పంచాయతీకి అందాలనీ అది నిర్దేశించింది. చట్టం రాజ్యాన్ని తన ఎరుకను కాగితం మీద, తెలుగులో, మునగబోయే ఊరి ముందు రాసిపెట్టమన్నది. ఏ ఇళ్లు పోతాయి, ఎవరి జీవనాధారం పోతుంది, వేరే మార్గం ఉందా అన్నవి అందులో ఉండాలి. తర్వాత 2017లో వచ్చిన తెలంగాణ సవరణ, మౌలిక సదుపాయాల వంటి కొన్ని వర్గాల పథకాలకు ఈ అధ్యయనం నుంచి మినహాయింపు ఇచ్చే అధికారాన్ని రాష్ట్రప్రభుత్వానికి కల్పించింది. ఇటువంటి సవరణ తెచ్చిన రాష్ట్రం ఇదొక్కటే కాదు. పనులు త్వరగా సాగాలన్నది చెప్పిన కారణం, ఆ కారణానికీ బలం ఉంది.

అయితే ఈ మినహాయింపు వల్ల పైన చూసిన నాలుగు వాక్యాలకు ఐదవది చేరుతుంది. ‘తెలిసి చేశారు’ అన్న అభియోగానికి ‘మాకు ఎర్క లేదు’ అన్నది జవాబు కాగలదని ముందే అనుకున్నాం. అధ్యయనం చేయవలసిన అవసరం లేదని నిర్ణయించుకున్నవాడు ఆ జవాబు చెప్పగలడా? ‘తెలుసుకోవద్దని తెలుసుకోలేదు’ అన్న వాక్యంలో గురీ ఎరుకా విడదీయరానంతగా కలిసిపోతాయి: తెలియకపోవడమే ఇక్కడ కావాలని చేసిన పని. ఈ మనఃస్థితికి ఆంగ్ల న్యాయశాస్త్రం ‘విల్‌ఫుల్ బ్లైండ్‌నెస్’ అని పేరు పెట్టింది. తెలుగులో దానికి పరిభాష కావాలంటే నిఘంటువుల దాకా పోనక్కరలేదు. చూడగలిగి చూడనివాడిని గురించి ఈ ప్రాంతపు రైతు అనే మాట ‘కండ్లు మూసుకున్నడు’ అన్నది. కళ్లు మూసుకోవడానికి కూడా ముందు ఒకసారి చూసి ఉండాలి.